వాతావరణ భయంతో ముందుకొచ్చే కుర్రకారు ఉద్యమంలో నిలవాలంటే ఏం చేయాలి?

మోదుగపూలు (చర్చ మొదలుపెట్టినవారు)

కాలేజీల్లో పర్యావరణ బృందాలు నడిపేవాళ్లందరికీ తెలిసిన వరసే ఇది. వరద వచ్చినా, వడగాలి కొట్టినా, చెట్లు కూలుస్తున్న వీడియో తిరిగినా రెండు రోజుల్లో వాట్సాప్ గ్రూపు నిండిపోతుంది. పోస్టర్లు, ర్యాలీ, హ్యాష్‌ట్యాగులతో వారం గడుస్తుంది. నెల తిరిగేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగులుతారు. వాళ్లు కూడా నిద్ర చాలక, చదువు మీద ధ్యాస లేక, "ఎంత చేసినా పోయేదేగా" అనే మాట దగ్గరికొచ్చి ఆగుతారు.

2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన సర్వే చాలామంది చూసే ఉంటారు. మన దేశంతో కలిపి 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువగా, లేదా విపరీతంగా బెంగపడుతున్నామని 59 శాతం మంది చెప్పారు. ఆ బెంగ రోజువారీ పనుల మీద పడుతోందని 45 శాతానికి పైగా చెప్పారు.

ఈ బెంగ పిల్లల్ని ఉద్యమంలోకి తెస్తోందా, ఉద్యమం నుంచి తరిమేస్తోందా? బృందం నడిపేవాళ్లు ఏం మార్చుకోవాలి? ధైర్యం చెప్పే మాటలు కాకుండా, పని ఎలా చేయాలో రాయండి.

సాయంత్రపు_నీడ

ముందు రెండు విషయాలు విడదీయాలి. బెంగ ఉండటం జబ్బు కాదు. కళ్లెదుట జరుగుతున్నదానికి మనసు సరిగ్గానే స్పందిస్తోందని అర్థం. ఆ బెంగ వల్ల పనులు ఆగిపోతున్నాయా అన్నదే చూడాల్సింది. సుసాన్ క్లేటన్, బ్రయాన్ కరాజియా 2020లో తయారుచేసిన 13 ప్రశ్నల కొలమానం ఇలాగే కొలుస్తుంది. ఒక భాగం ఆలోచనల మీద, నిద్ర మీద, ఏకాగ్రత మీద పడే దెబ్బను చూస్తుంది. రెండో భాగం చదువు, పని, స్నేహాలు ఎంత కుంటుపడ్డాయో చూస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇల్లు మునిగిన విజయవాడ పిల్లకు వాన చప్పుడు వింటేనే గుండె దడ వస్తుంటే, దాన్ని వాతావరణ బెంగ ఖాతాలో వేయకూడదు. అది జరిగిన గాయం తాలూకు భయం. ఆ అమ్మాయిని వరదల మీద పోస్టర్ వేయమనడం పుండు మీద కారం చల్లడమే. చేరేటప్పుడే పక్కకు పిలిచి అడగాలి: వరదలో, తుపానులో, వడదెబ్బలో ఇంట్లో నష్టం జరిగిందా అని. జరిగితే వేరే పని ఇవ్వాలి, తోడుండే మనిషిని కూడా చూడాలి.

ఇక అసలు ప్రశ్న. అమెరికాలో 18 నుంచి 35 ఏళ్ల విద్యార్థులు 284 మంది మీద సారా ష్వార్ట్జ్ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం మనకు బాగా పనికొస్తుంది. బెంగ ఎక్కువున్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. నలుగురితో కలిసి ఉద్యమ పనులు చేసేవాళ్లలో మాత్రం ఆ లంకె పలచబడింది. ప్లాస్టిక్ మానేయడం, కరెంటు ఆదా చేయడం లాంటి ఒంటరి పనులకు ఆ ఫలితం కనబడలేదు. ఒక్క సమయంలో తీసిన కొలత కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది దీంతో తేలదు. కానీ దారి చూపిస్తుంది.

స్వీడన్‌లో మారియా ఓయాలా పిల్లల మీద చేసిన పని కూడా చూడండి. సమస్యను తామే పరిష్కరించాలని తపించే పిల్లలు పర్యావరణం కోసం ఎక్కువ చేస్తారు, కానీ మనసు కూడా ఎక్కువ పాడుచేసుకుంటారు. దానికి తోడు ఇతరుల మీద నమ్మకం, చరిత్రలో మార్పు వచ్చిన సందర్భాల ఎరుక ఉన్నవాళ్లకు ఆ భారం తగ్గుతుంది. అంటే మనం ఇచ్చే పని ఎంత ముఖ్యమో, ఆ పని ఇంకెవరెవరు చేస్తున్నారో చూపించడం కూడా అంతే ముఖ్యం.

తూర్పుతీరం

భయాన్ని మరీ చిన్నచూపు చూడొద్దు. 2019 జనవరిలో దావోస్‌లో స్వీడన్ అమ్మాయి గ్రెటా థున్‌బెర్గ్ "మీరు బెంబేలెత్తాలి" అన్న అర్థం వచ్చేలా మాట్లాడాకే కదా ఆ మార్చి 15న, సెప్టెంబరులో లక్షల మంది పిల్లలు వీధుల్లోకి వచ్చింది? మెత్తగా చెబితే ఎవరూ కదలరు. ఉప్పాడ తీరంలో సముద్రం ఇళ్లను మింగేస్తుంటే "సానుకూలంగా ఆలోచించండి" అనడం ఆ ఊరివాళ్లను అవమానించడమే.

సాయంత్రపు_నీడ

తూర్పుతీరం గారూ, సానుకూలంగా ఆలోచించమని నేను అననే లేదు. నిజం నిజంలాగే చెప్పాలి. కానీ గ్రెటా విషయంలో వరస చూడండి. దావోస్ మాటకు ఐదు నెలల ముందే, 2018 ఆగస్టు 20న, స్వీడన్ పార్లమెంటు ముందు అట్ట పట్టుకుని కూర్చుంది. తర్వాత ప్రతి శుక్రవారం. స్థలం, రోజు, అట్ట మీది మాట, డిమాండ్ అన్నీ ఖాయం. పారిస్ ఒప్పందానికి తగ్గట్టు ప్రభుత్వం నడవాలన్నదే ఆ డిమాండ్. పదకొండేళ్ల వయసులో ఈ విషయంగానే కుంగిపోయి తిండి కూడా మానేశానని ఆమే బహిరంగంగా చెప్పింది. ఊరూరా పాకింది ఎవరైనా రేపే మొదలుపెట్టగలిగిన ఆ పద్ధతి. భయం మనిషిని గుమ్మం దాకా తెస్తుంది. లోపలికొచ్చాక కూర్చోవడానికి చోటు, చేయడానికి పని లేకపోతే వెనక్కి పోతాడు.

కోపం సంగతి వేరు. ఆస్ట్రేలియాలో 5,000 మందికి పైగా జనం మీద 2021లో వచ్చిన అధ్యయనంలో, ఈ విషయంలో కోపం ఉన్నవాళ్లు ఉద్యమాల్లో ఎక్కువగా పాల్గొన్నారు, వాళ్ల మనసు కూడా మెరుగ్గానే ఉంది. ఉత్త బెంగ ఎక్కువున్నవాళ్లు ఉమ్మడి పనులకు దూరంగా ఉన్నారు. "ఏం జరుగుతుందో" అనే భయాన్ని "ఎవరు, ఏ సంతకంతో, ఏ తేదీన చేశారు" అనే ప్రశ్న వైపు తిప్పగలిగితే చాలా మారుతుంది.

పాలపిట్ట

ఆ చివరి వాక్యానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది, కంచ గచ్చిబౌలి.

2025 మార్చి 30, ఉగాది రోజు. వరస సెలవుల్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన ఉన్న 400 ఎకరాల్లోకి, చెట్లు కొట్టేయడానికి యంత్రాలు దిగాయి. అదే కంచ గచ్చిబౌలి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా జోక్యం చేసుకుని పనులు ఆపించింది. తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ అదే రోజు స్థలానికి వెళ్లి నివేదిక ఇచ్చారు. దాదాపు 100 ఎకరాలు చదును చేసేశారని అందులో తేలింది. ఆ ఐదు రోజులూ విద్యార్థులు నిద్రపోలేదన్నది నిజమే. కానీ ఆ ఐదు రోజుల వెనక ఏళ్ల తరబడి రాసిపెట్టిన జాబితాలున్నాయి. రెండు వందలకు పైగా పక్షి జాతులు ఆ క్యాంపస్‌లో నమోదయ్యాయని చెప్పగలిగారంటే, ఏ గొడవా లేని రోజుల్లో ఎవరో పొద్దున్నే లేచి లెక్కలు రాశారు కాబట్టే.

అందుకే బెంగపడుతున్న కొత్తవాళ్లకు ఇవ్వదగ్గ మొదటి పని ఇదేనని నా గట్టి నమ్మకం. వారానికి ఒక్కసారి, పొద్దున ఆరు నుంచి ఏడు మధ్య, చెరువు దగ్గరో క్యాంపస్‌లోనో 15 నిమిషాలు కదలకుండా నిలబడి కనిపించిన, వినిపించిన ప్రతి పక్షినీ ఈబర్డ్ అనే పక్షుల నమోదు యాప్‌లో రాయాలి. అన్నీ రాస్తేనే 'పూర్తి జాబితా' అని గుర్తు పెట్టాలి. కాకినీ గోరింకనూ వదిలేసి అరుదైనవే రాస్తే ఆ జాబితాతో పోలికలు తీయలేం. సంఖ్య తెలియకపోతే అంచనాగా అంకె వేయండి, ఖాళీగా వదలొద్దు. మొక్కలు, పురుగులు, తాబేళ్లు అయితే ఐనాచురలిస్ట్ అనే జీవుల నమోదు యాప్‌లో ఫొటో, తేదీ, స్థలంతో పెట్టాలి. గుర్తింపును కనీసం ఇద్దరు ఒప్పుకుంటేనే అది పరిశోధన స్థాయి నమోదు అవుతుంది. అందుకే ఆకు, పువ్వు, కాండం మూడూ విడివిడిగా తీయాలి. దూరం నుంచి చెట్టు మొత్తం తీసిన ఫొటో చూసి ఎవరూ పేరు చెప్పలేరు.

చేదు సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లోనే బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పరుగులు తీస్తున్నట్టు కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు విపరీతంగా తిరిగాయి. వాటిని పంచుకున్నవాళ్ల మీద కేసులు, నోటీసులు వచ్చాయి. నిజంగానే అక్కడ జింకలూ నెమళ్లూ ఉన్నాయి, రిజిస్ట్రార్ నివేదికలోనూ ఆ మాట ఉంది. అయినా ప్రభుత్వం వైపు నుంచి "అంతా నకిలీ" అనడానికి ఆ బొమ్మలు సందు ఇచ్చాయి. భయంలో ఉన్నప్పుడు వేలు తొందరగా కదులుతుంది. కాబట్టి బృందానికి ఒక నియమం ఉండాలి: ఫొటో తీసిన మనిషి ఎవరో తెలియకపోతే ముందుకు పంపకూడదు. తీసిన మనిషి తెలిస్తే అసలు ఫైల్ అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తేదీ, స్థలం వివరాలు పోతాయి. 'డాక్యుమెంట్'గా పంపితే ఉంటాయి. గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత ఫొటోలు చాలావరకు పట్టుబడతాయి. ఇద్దరు చూసి సరే అన్నాకే పోస్టు చేయాలి.

హాస్టల్_బ్లాక్

పాలపిట్ట అక్కా, పక్షుల లెక్క బాగుంది కానీ సమావేశానికి వచ్చేవాళ్లలో సగం మందికి ముందు మాట్లాడాలని ఉంటుంది. ఎజెండా పెడితే "మా బాధ ఎవరూ వినట్లేదు" అంటారు. మాట్లాడనిస్తే రెండు గంటలు అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి, చివరికి అందరూ ఇంకా దిగాలుగా పోతారు. ఏం చేయాలి?

సాయంత్రపు_నీడ

రెంటినీ ఒకే సమావేశంలో కలపడమే అక్కడి లోపం. విడగొట్టండి.

మాట్లాడుకునే సమావేశం నెలకొకటి. దీనికి 'క్లైమేట్ కెఫే' అనే పద్ధతి ఉంది, 2015లో స్కాట్లండ్‌లోని ఒక చిన్న ఊళ్లో మొదలైంది. టీ ఉంటుంది. ఉపన్యాసం ఉండదు, తీర్మానం ఉండదు, "అయితే ఏం చేద్దాం" అనే ప్రశ్నకు ఆ గంటన్నరలో చోటు లేదు. ఎనిమిది నుంచి పన్నెండు మంది వరకే. ఎక్కువైతే రెండు వలయాలుగా కూర్చోబెట్టండి. నడిపేవాళ్లు ఇద్దరుండాలి. ఒకరు మాటలు చూసుకుంటే, ఇంకొకరు ఎవరైనా లేచి బయటికి పోతే వెంట వెళ్లాలి. చేతికి ఒక రాయో, గింజో, ఎండిన కాయో ఇచ్చి, దాని నుంచి మొదలుపెట్టమంటే మాట సులువుగా వస్తుంది. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు పక్కవాళ్లకు అందించేయొచ్చు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు, ఎవరికీ సలహా ఇవ్వకూడదు. చివరి పది నిమిషాలు ఇంటికెళ్లి ఈ రాత్రి ఏం చేస్తారో ఒక్కొక్కరూ చెప్పాలి. అన్నం, నిద్ర, అమ్మకు ఫోన్, ఏదైనా సరే.

పని సమావేశం వారానికొకటి, గంటకు మించకుండా. మొదటి ఐదు నిమిషాలు పోయిన వారం పూర్తయిన పని చదవాలి, ఎంత చిన్నదైనా. కొత్త భయంకరమైన అంకెలతో మొదలుపెట్టే అలవాటు చాలా బృందాల్లో ఉంది, అది మానాలి. వచ్చినవాళ్లకు పరిస్థితి బాగోలేదని తెలుసు, అందుకే వచ్చారు. ప్రతి పనికీ ఒక పేరు, ఒక తేదీ, 'పూర్తయింది' అంటే ఏమిటో ఒక వాక్యం ఉండాలి. "చెరువు మీద అవగాహన పెంచాలి" అన్నది పని కాదు. "గురువారం లోపు చెరువు సర్వే నంబరు, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు) మ్యాపు కోసం దరఖాస్తు ఇచ్చి రసీదు ఫొటో గ్రూపులో పెట్టాలి" అన్నది పని.

రాత్రి పది తర్వాత గ్రూపులో ఏమీ రాకూడదు. అడ్మిన్ మాత్రమే పంపేలా సెట్టింగు మార్చి, పొద్దున తెరవండి. అర్ధరాత్రి మునిగిన ఊళ్ల వీడియోలు చూస్తూ కూర్చున్నవాళ్లకు ఇది నిజంగా మేలు చేస్తుంది.

ఎవరైనా రెండు వారాలకు పైగా సరిగా నిద్రపోకపోతే, తిండి తగ్గితే, క్లాసులకు పోవడం మానేస్తే, బతుకు మీద ఆశ లేదన్నట్టు మాట్లాడితే అది బృందం మోయగల బరువు కాదు. ప్రభుత్వ మానసిక సాయం లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది, ఖర్చు లేదు. చనిపోవాలన్న మాట వస్తే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "ఉద్యమంలో ఉంటే తగ్గిపోతుందిలే" అనే మాట అప్పుడు ప్రమాదం.

నల్లరేగడి

ఇక్కడ మాట్లాడేదంతా యూనివర్సిటీ పిల్లల చుట్టూ తిరుగుతోంది. ఊళ్లో డిగ్రీ చదువుతూ సెలవుల్లో పొలం పనికి పోయే కుర్రాడి బెంగ వేరే రూపంలో ఉంటుంది. అతను ధ్రువాల మంచు గురించి మాట్లాడడు. బోరు ఎప్పుడు ఎండుతుంది, అకాల వానకు మిర్చి కల్లంలో తడిస్తే అప్పు ఎలా తీరుతుంది, నాన్న ఎండలో ఎన్నాళ్లు పనిచేయగలడు, ఇవీ. 2015 వేసవిలో వడగాలులకు దేశంలో రెండు వేలకు పైగా చనిపోతే ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే. అందులోనూ కూలీలు, ముసలివాళ్లు. ఆ కుర్రాడిని "వాతావరణ సమ్మె" అని పిలిస్తే రాడు. "పనివేళలు మార్చమని మండల కార్యాలయంలో అర్జీ ఇద్దాం" అంటే వస్తాడు.

వేడి మీద పని చాలా తేలిక, చవక, ఫలితం త్వరగా కనిపిస్తుంది. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్ నాలుగైదు వందలకు దొరుకుతుంది. నాలుగు కొనండి. హాస్టల్ పై అంతస్తు గది, అంగన్‌వాడీ, రేకుల ఇల్లు, బస్టాండు. ఛాతీ ఎత్తున, గోడకు తగలకుండా, ఎండ పడకుండా వేలాడదీయాలి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. మధ్యాహ్నం రెండు, రాత్రి పది, తెల్లవారుజామున ఐదు, ఈ మూడు వేళల్లో రాయండి. ఏప్రిల్, మే రెండు నెలలు చాలు. రాత్రి అంకెలు తప్పనిసరి, ఎందుకంటే పగలు తిన్న వేడి రాత్రి దిగకపోతేనే ఒళ్లు కోలుకోదు.

మైదాన ప్రాంతంలో వాతావరణ శాఖ వడగాలి అనాలంటే గరిష్ఠం కనీసం 40 డిగ్రీలుండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరగాలి, లేదా నేరుగా 45 దాటాలి. తీరంలో 37 నుంచే లెక్క. ఆ అంకె వాతావరణ కేంద్రంలో కొలిచింది. రేకుల గదిలో ఎంతుందో ఎవరి దగ్గరా లేదు. అది మీ దగ్గర ఉంటే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలప్పుడు మాట్లాడటానికి పునాది దొరికినట్టే. అర్జీలో రెండే అడగండి: అంగన్‌వాడీ పైకప్పుకు తెల్ల సున్నం లేదా ఎండను వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పూత, ఉపాధి హామీ పని పొద్దున పది లోపు ముగించడం. పది డిమాండ్లు రాస్తే ఒక్కటీ జరగదు.

తూర్పుతీరం

నల్లరేగడి గారి మాటకు నూటికి నూరుపాళ్లు మద్దతు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది ఒకటుంది, జూన్ 5న మొక్కలు నాటే కార్యక్రమం. చాలా కాలేజీల్లో పర్యావరణ కార్యాచరణ అంటే అదొక్కటే. అప్పటికి తెలంగాణలో రుతుపవనం సరిగా అడుగుపెట్టి ఉండదు. ఫొటో కోసం అరచేతి లోతు గుంత తీసి పెడతారు, పది రోజులు వాన రాకపోతే ఎండిపోతుంది. అదే దారిన పోయే పిల్ల రోజూ ఆ ఎండిన పుల్లను చూస్తుంది. బెంగ తగ్గించాల్సిన పని బెంగ పెంచుతుంది.

నాటాలనుకుంటే మే నెలలోనే ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి ఎండకు వదిలేయండి. మంచి వానలు రెండు పడ్డాక పశువుల ఎరువు, మట్టి కలిపి నింపి నాటండి. మూడు అడుగులు దాటిన కానుగ, వేప, నేరేడు, రావి తీసుకోండి. మేకలకు అందకుండా కంచె లేకుండా నాటొద్దు. మొదటి వేసవిలో మొక్కకు వారానికి రెండుసార్లు బకెట్ నీళ్లు ఎవరు పోస్తారో పేరు రాసుకోలేకపోతే ఆ మొక్క నాటకండి. వంద కంటే పది మేలు.

వ్యక్తిగత కార్బన్ పాదముద్ర, అంటే ఒక్కో మనిషి వల్ల గాలిలో కలిసే కర్బన వాయువులు ఎన్నో, లెక్కగట్టుకోమనే ఆలోచనను జనంలోకి బాగా తీసుకెళ్లింది బీపీ అనే చమురు కంపెనీ ప్రచారమే. ఇరవై ఏళ్ల పిల్లాడు "నా వల్లే" అని కుమిలిపోవడానికి దానికీ సంబంధం ఉంది. స్ట్రా మానేయడం తప్పని కాదు, కానీ దాన్నే ఉద్యమం అంటే ఒప్పుకోను.

హాస్టల్_బ్లాక్

తూర్పుతీరం అన్నా, మరి పెయింటింగ్ మీద సూప్ పోసినట్టు గట్టిగా ఏదైనా చేస్తే తప్ప ఎవరూ పట్టించుకోరనే వాదన మా దగ్గర బాగా ఉంది.

తూర్పుతీరం

లండన్‌లో 2022 అక్టోబరు 14న వాన్ గో 'పొద్దుతిరుగుడు పూలు' మీద పోశారు. బొమ్మకు అద్దం ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. అదే సంస్థ, జస్ట్ స్టాప్ ఆయిల్, ఎం25 రహదారిని దిగ్బంధించాక బ్రిటన్‌లో మెతక పర్యావరణ సంస్థలకు మద్దతు కాస్త పెరిగిందని 2024లో నేచర్ సస్టైనబిలిటీలో వచ్చింది. కాబట్టి ఫలితమే లేదనలేం. కానీ మూల్యం చూడు. 2024 జులైలో ఆ రహదారి కేసులోనే, ఆ సంస్థ స్థాపకుల్లో ఒకడైన రోజర్ హాలమ్‌కు ఐదేళ్లు, మరో నలుగురికి నాలుగేళ్లు శిక్ష పడింది. 2025లో ఆ సంస్థ వీధి నిరసనలకు స్వస్తి చెప్పింది. మన దగ్గర ఒక్క కేసు పడితే పాస్‌పోర్టు, ఉద్యోగం రెండూ ఇరుక్కుంటాయి. భయంతో వణుకుతున్న పిల్లల్ని అటు తోయడం నాకు నచ్చదు.

కాగితాల_మనిషి

మన చట్టంలోనే వాడని తలుపులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ప్రజాభిప్రాయ సేకరణ. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం గనులు, థర్మల్ ప్లాంట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు లాంటి పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి ఇది జరిగి తీరాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. ఆ 30 రోజులే మీ గడువు. ఇలా పంచుకోండి.

మొదటి వారం: నివేదిక సంపాదించడం. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలిలో చూడటానికి ఉండాలి. సారాంశం తెలుగులోనూ ఉండాలి. లేకపోతే "లేదు" అని అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు అప్పీలులో ఆ రసీదు ఆయుధం.

రెండో వారం: చదవడం. వందల పేజీలు చూసి బెదరొద్దు. 3వ అధ్యాయంలో ప్రస్తుత పర్యావరణ స్థితి, 4లో ప్రభావాలు, 5లో ప్రత్యామ్నాయాలు, 10లో నిర్వహణ ప్రణాళిక ఉంటాయి. ఇద్దరికి ఒక అధ్యాయం చాలు. ముందుగా 3వ అధ్యాయంలో జంతువుల, మొక్కల జాబితా చూడండి. కొలతలు మామూలుగా వానాకాలం వదిలేసి ఒక్క సీజన్‌లో తీస్తారు. వానల్లో నిండే కుంటలు, అప్పుడొచ్చే పక్షులు, కప్పలు ఆ జాబితాలో ఉండవు. పాలపిట్ట గారు చెప్పిన ఈబర్డ్ జాబితా ఇక్కడ పనికొస్తుంది. ఇంకో ప్రాజెక్టు నివేదిక నుంచి ఎత్తి పెట్టిన జాబితాలైతే ఆ ప్రాంతంలో లేని జీవులతో దొరికిపోతాయి.

మూడో వారం: రాయడం. ఒక అభ్యంతరం, ఒక పేరా. "నివేదిక ఫలానా పేజీలో సమీప నీటి వనరు ఇంత దూరమని రాశారు. రెవెన్యూ పటం ప్రకారం ఫలానా సర్వే నంబరులోని కుంట ఇంత దూరంలోనే ఉంది. పటం జతచేశాం. ఈ కుంటపై ప్రభావం అంచనా వేసే వరకు నివేదికను ఆమోదించవద్దు." ఇంతే. ఆవేశం వద్దు, పేజీ నంబరు కావాలి. రెండు ప్రతులు ఇచ్చి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఊరివాళ్లు కానివాళ్లూ, విషయంతో సంబంధం ఉంటే, రాతపూర్వకంగా పంపొచ్చు.

చివరి వారం: మాట్లాడేవాళ్లను సిద్ధం చేయడం. మైకు రెండు మూడు నిమిషాలకు మించి దొరకదు. విద్యార్థులు ముందు నిలబడి ఊరివాళ్ల సమయం తినేయడం తరచూ జరిగే తప్పు. ముందు ఊరివాళ్లు, అందులో ఆడవాళ్లు మాట్లాడాలి. వీడియో తీయాలి, చివర్లో మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసిన కాగితం, తెలుగులో చదివి వినిపించాలి. అప్పటిదాకా అక్కడి నుంచి కదలొద్దు. మీ అభ్యంతరం రాకపోతే అక్కడే అడగండి. జనం గొడవ చేసి వెళ్లిపోయాక మిగిలినవాళ్లతో మినిట్స్ ముగించేసిన సందర్భాలున్నాయి. ఇంతమంది ఉండాలనే కోరం ఏమీ లేదు.

అనుమతి వచ్చేస్తే, ఆ ఉత్తర్వు తెలిసిన 30 రోజుల్లో, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, ఆ తర్వాత తలుపు మూసేస్తారు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై ధర్మాసనం. అందుకే పర్యావరణ అనుమతుల వివరాలుండే పరివేష్ పోర్టల్‌ను వారానికోసారి చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

సమాచార హక్కు దరఖాస్తులో "ఎందుకు" అని అడగొద్దు, "ఏ కాగితం" అని అడగండి. "చెట్లు ఎందుకు నరికారు?" అంటే జవాబు రాదు. "ఫలానా సర్వే నంబరులో చెట్ల తొలగింపునకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ఇచ్చిన అనుమతి, దరఖాస్తు, తనిఖీ నివేదిక నకళ్లు ఇవ్వండి" అంటే ఇవ్వాలి, లేదా లేవని రాయాలి. లేవని రాస్తే ఇంకా మంచిది. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండలంలో ₹5, పైన ₹10. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు.

మోదుగపూలు

ఈ గడువుల పద్ధతి బాగుంది. కానీ పిల్లలు అడిగేది ఇదే: ఇంత చేసినా ఓడిపోతే? అప్పుడు మొదటికంటే ఎక్కువ కుంగిపోతారు.

కాగితాల_మనిషి

ముందే పొడవు చెప్పాలి. ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే 2017లో తొమ్మిదేళ్ల వయసులో, వాతావరణ మార్పుపై ప్రభుత్వం తగినంత చేయడం లేదని హరిత ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసింది. 2019లో కొట్టేశారు. 2024 మార్చి 21న, బట్టమేక పిట్ట కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ రాజ్యాంగంలోని 14, 21 (సమానత్వం, జీవించే హక్కు) అధికరణల కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక గుమ్మంలో తిరస్కరించిన వాదన ఇంకో గుమ్మంలో, ఇంకొకరి కేసులో నిలబడుతుంది.

పసిఫిక్ దీవుల న్యాయ విద్యార్థుల సంగతి ప్రతి బృందానికీ చెప్పాలి. 2019లో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్‌లో 27 మంది, తమ దీవులు మునుగుతాయనే భయంతోనే, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అభిప్రాయం అడగాలని మొదలుపెట్టారు. వనువాటు ప్రభుత్వం భుజానికెత్తుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి తీర్మానం, 2025 జులై 23న న్యాయస్థానం అభిప్రాయం. ఆరేళ్లు. మొదలుపెట్టినవాళ్ల డిగ్రీలు ఎప్పుడో అయిపోయాయి.

మన కాలేజీ బృందాలు కుప్పకూలేది సరిగ్గా అక్కడే. మూడో ఏడాదివాళ్లు వెళ్లిపోగానే కాగితాలూ వెళ్లిపోతాయి. అప్పగింత ఫైలు ఒకటి ఉండాలి: దరఖాస్తుల రసీదులు తేదీల వారీగా, వచ్చిన జవాబులు, రాబోయే గడువులు, ఏ కార్యాలయంలో ఏ సెక్షన్‌ను అడగాలో, పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయో. ఫిబ్రవరిలోనే రెండో ఏడాదివాళ్లకు అప్పగించి, పాతవాళ్లు పరీక్షల దాకా పక్కనుండాలి. ఏప్రిల్‌లో అప్పగిస్తే ఎవరికీ తీరిక ఉండదు.

హాస్టల్_బ్లాక్

సర్, ఇంట్లోవాళ్లు అడ్డుపడేది కేసుల భయంతోనే. 2021లో పర్యావరణ కార్యకర్త దిశ రవి అరెస్టు ఇప్పటికీ చూపిస్తారు.

కాగితాల_మనిషి

ఆ భయానికి కారణం ఉంది, కొట్టిపారేయను. రైతు ఉద్యమానికి మద్దతుగా తయారైన ఒక గూగుల్ డాక్యుమెంట్ విషయంలో ఆమెను ఫిబ్రవరి 13న బెంగళూరులో అరెస్టు చేశారు, 23న ఢిల్లీ కోర్టు బెయిలిచ్చింది. అంతకు ముందు ఏడాది ఈఐఏ ముసాయిదాపై ఈమెయిల్ ప్రచారం చేసిన ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా అనే వాతావరణ యువ బృందం వెబ్‌సైటును అడ్డుకున్నారు కూడా.

కాబట్టి జాగ్రత్తలు. ఉమ్మడి డాక్యుమెంట్లో ఎవరైనా మార్చగలిగేలా లింకు వదలొద్దు, మార్చే హక్కు ముగ్గురికి చాలు. ర్యాలీకి పోలీసు స్టేషన్‌లో ముందుగా లేఖ ఇచ్చి రసీదు పెట్టుకోండి. ఆ ప్రాంతంలో బీఎన్ఎస్ఎస్ 163 కింద, అంటే పాత 144 కింద, నిషేధాజ్ఞలున్నాయేమో అదే రోజు కనుక్కోండి. లాయర్ నంబరు కాగితం మీద రాసుకోవాలి, ఫోన్ లాక్కుంటే గుర్తుండదు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అసాధారణ పరిస్థితిలో, మహిళా అధికారి మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుంటే తప్ప, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. వీధిలోకి రాలేని పిల్లలకు నివేదిక చదివే పని ఇవ్వండి. ఇంట్లో కూర్చుని 3వ అధ్యాయం చదివినందుకు ఎవరూ కేసు పెట్టరు, ఆ పనికి విలువ కూడా ఎక్కువే. అమ్మానాన్నలను ఒకసారి పక్షుల లెక్కకు పిలవండి. పిల్లలు చేసేది కళ్లతో చూస్తే సగం అడ్డు పోతుంది.

హాస్టల్_బ్లాక్

థాంక్స్ సర్. నల్లరేగడి అన్నా, ఒక్క సందేహం. మా దగ్గర రెండు మీటర్లు ఉన్నాయి, పక్కపక్కన పెడితే ఒకటి 36 చూపిస్తే ఇంకోటి 37.5 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

నల్లరేగడి

తమ్ముడూ, చవక మీటర్లకు ఆ తేడా మామూలే. మొదలుపెట్టే ముందు అన్నిటినీ ఒకే గదిలో, ఒకే తాడుకు, ఒక రోజంతా వేలాడదీయండి. గంటకోసారి రాసి, ఒకదాన్ని ఆధారంగా పెట్టుకుని మిగిలినవి సగటున ఎంత ఎక్కువ తక్కువ చూపిస్తున్నాయో లెక్కగట్టండి. ఆ తేడాను మీటరు వెనక స్కెచ్ పెన్నుతో రాయండి, పట్టికలో ఆ మేరకు కలపండి లేదా తీసేయండి. తేడా రోజంతా ఒకేలా లేకుండా ఊగుతుంటే బ్యాటరీ మార్చి చూడండి, అప్పటికీ ఊగితే ఆ మీటరు పక్కన పెట్టేయండి. ఎలా సరిచేశారో అర్జీ చివర రెండు వాక్యాల్లో రాయండి. కలెక్టరేట్‌లో ఇంజినీరు మొదట అడిగేది అదే.